తారకేశ్వర్ 1873: భార్య మెడ నరికిన భర్తకు పదివేల సంతకాలు

1873 మే 27న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా కుమ్రుల్ గ్రామంలో నబీన్‌చంద్ర బెనర్జీ అనే బ్రాహ్మణుడు తన భార్య ఎలోకేశీని చేపలు కోసే కత్తిపీటతో మెడ నరికి చంపాడు. ఆమెకు 16 ఏళ్లు. అతను కలకత్తాలో సర్కారు మిలిటరీ ప్రెస్సులో ఉద్యోగి. ఆమె ఊళ్లో, పుట్టింట్లో ఉండేది. చంపిన తర్వాత అతనే ఠాణాకు వెళ్లి లొంగిపోయాడు. తనను త్వరగా ఉరి తీయమన్నాడు.

ఉరి తీయలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 1875లో, అతను విడుదలయ్యాడు. అతన్ని వదిలేయమని కోరుతూ ప్రభుత్వానికి అర్జీలు వెల్లువెత్తాయి. వాటిలో ఒకదాని మీద పదివేల సంతకాలున్నాయి. కలకత్తా పెద్దమనుషులు, జిల్లా ప్రముఖులు, రాజకుటుంబీకులు మొదలుకొని చిన్న ఉద్యోగుల దాకా అందరూ అడిగినవాళ్లే. చనిపోయిన అమ్మాయి తరఫున మాత్రం ఒక్క అర్జీ కూడా లేదు.

బెంగాల్ చరిత్రకారులు దీన్ని 'తారకేశ్వర్ కుంభకోణం' అంటారు. ఆ పేరులోనే ఎలోకేశీ లేదు, గుడి ఉంది. ఈ కేసును మేం కొంతకాలంగా చదువుతున్నాం. చంపినవాడూ, చచ్చినామే, ఆమె తండ్రీ అందరూ బ్రాహ్మణులే అయినప్పుడు దళిత హక్కుల పత్రికకు ఇందులో పనేమిటని మిత్రులు అడిగారు. పని ఉంది. కులం తన స్త్రీల మెడ మీద ఎలా నిలబడి ఉంటుందో ఈ కేసులో కనిపించినంత స్పష్టంగా చాలాచోట్ల కనిపించదు.

గుడి, గద్దె, మందు

తారకేశ్వర్ శైవ క్షేత్రం. రోగాలు నయమవుతాయని, పిల్లలు పుడతారని నమ్మి జనం అక్కడికి వచ్చి అన్నపానాలు మాని స్వామి ముందు పడి ఉంటారు. గుడిని నడిపేది దశనామి సంప్రదాయానికి చెందిన మహంతు. పేరుకు సన్యాసి. చేతిలో మాత్రం భూములు, రైతులు, లాఠీలు పట్టిన మనుషులు, భక్తుల కానుకలు. సన్యాసం పుచ్చుకున్న జమీందారు అంటే సరిగ్గా సరిపోతుంది. ఈ గద్దె చరిత్ర కూడా అంత పవిత్రమైనదేమీ కాదు. 1824లోనే శ్రీమంత గిరి అనే మహంతును, తన ఉంపుడుగత్తె ప్రియుణ్ని చంపిన నేరానికి ఉరి తీశారు.

దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత ఆ గద్దె మీద ఉన్నవాడు మాధవచంద్ర గిరి. 1863 చట్టంతో కంపెనీ కాలం నుంచి ఉన్న గుళ్ల అజమాయిషీని బ్రిటిష్ ప్రభుత్వం వదిలించుకుంది. మతం జోలికి రామన్న ఆ విధానం కింద మహంతుల మీద అదుపు ఇంకా సడలింది. మన దగ్గర కూడా 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి హథీరాంజీ మఠం మహంతుల చేతిలోనే ఉండేది. కాబట్టి మహంతు అంటే ఎవరో తెలుగు పాఠకులకు మరీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పిల్లలు పుట్టడానికి మందు ఇస్తాడని ఎలోకేశీ మహంతు దగ్గరికి వెళ్లింది. కాదు, ఇంట్లో పెద్దవాళ్లే పంపారు. అక్కడ ఆమెకు మత్తుమందిచ్చి చెరిచాడని ఒక కథనం. ఆ తర్వాత ఆ సంబంధం కొనసాగింది. తండ్రి నీలకమల్ ముఖోపాధ్యాయ్, సవతి తల్లి మహంతు డబ్బుకు ఆశపడి దానికి సహకరించారని ఊరంతా చెప్పుకుంది. భర్త కలకత్తా నుంచి వచ్చినప్పుడు ఊళ్లో గుసగుసలు విన్నాడు, నలుగురిలో నవ్వులపాలయ్యాడు, భార్యను నిలదీశాడు. ఆమె ఒప్పుకుని క్షమించమంది. అతను క్షమించాడు కూడా. ఆమెను తీసుకుని కలకత్తా వెళ్లిపోవాలనుకున్నాడు. మహంతు మనుషులు దారి కాశారు. ఊరు దాటనివ్వలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. దారి కాసింది మహంతు. అమ్మింది తండ్రి. నవ్వింది ఊరు. నబీన్‌కు కోపం రావలసిన మనుషులు ఇంతమంది ఉన్నారు. అయినా కత్తిపీట పడింది వీళ్లలో ఎవరి మీదా కాదు, అందరిచేతా దెబ్బతిన్న పదహారేళ్ల పిల్ల మీద. నాటి నాటకాలు, పాటలు, పత్రికలు అన్నీ దీనికి 'ప్రేమ' అనే పేరు పెట్టాయి. భార్య మరొకరి చేతిలో పడకూడదని, విపరీతమైన ప్రేమతో చంపాడట. మా దృష్టిలో ఇది ప్రేమ కాదు, సొత్తు లెక్క. తనకు దక్కని సొత్తు ఎదుటివాడికీ దక్కకూడదు. బలమున్న మహంతును ఏమీ చేయలేనివాడు, తన చేతికి అందే మనిషిని చంపి మహంతును ఓడించాడు.

దూరం ఎవరు పెట్టారు?

ఇద్దరూ కలిసి లేకపోవడానికి కారణం మామూలుదే. పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తాలో గుమాస్తా ఉద్యోగాలకు ఊళ్ల నుంచి వచ్చిన మగవాళ్లు నగరంలో మెస్సుల్లో గడిపి, సెలవులకు ఇంటికి వెళ్లేవాళ్లు. భార్యలు ఊళ్లో పెద్దవాళ్ల కాపలాలో ఉండేవాళ్లు. ఆడదాని మీద పహరా ఎంత గట్టిగా ఉంటే కులం అంత గట్టిగా ఉంటుంది. భర్త లేనప్పుడు ఆ పహరా తండ్రిది, అత్తది, ఊరిది. తండ్రే కాపలా వదిలేస్తే, లేదా అమ్మేస్తే, ఆ నేరం కూడా కాపలాలో ఉన్నదాని లెక్కలోనే పడుతుంది.

గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్ల ఇళ్లు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. వలస వెళ్లిన పాలమూరు కూలీల ఇళ్లలో వెనక మిగిలిన ఆడవాళ్లు కూడా ఎంతోమంది. వాళ్ల గురించి ఊళ్లో పుట్టే మాట ఎంత వేగంగా దుబాయి దాకా వెళ్తుందో ఆ ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. కుమ్రుల్‌లో ఫోను లేదు, అంతే తేడా.

కోర్టులో ఎవరి మీద విచారణ?

కేసు మొదట శ్రీరాంపూర్‌లో జరిగిన హుగ్లీ సెషన్స్ కోర్టుకు వచ్చింది. నబీన్ తరఫున వాదించినవాడు డబ్ల్యూ.సి. బెనర్జీ. పన్నెండేళ్ల తర్వాత, 1885లో, భారత జాతీయ కాంగ్రెస్ తొలి సమావేశానికి అధ్యక్షత వహించింది ఈయనే. నబీన్ ఆ సమయంలో మతిస్థిమితం కోల్పోయాడన్నది వాదన. భారతీయులతో కూడిన జ్యూరీ దాన్ని ఒప్పుకుని నిర్దోషి అంది. జడ్జి ఫీల్డ్ ఒప్పుకోలేదు. కేసును కలకత్తా హైకోర్టుకు పంపాడు. అక్కడ జస్టిస్ మార్క్‌బీ ముందు విచారణ జరిగి, నబీన్‌కు యావజ్జీవ శిక్ష పడింది. ఆ రోజుల్లో దాని అర్థం ద్వీపాంతరం. మహంతుకు మూడేళ్ల కఠిన కారాగారం, రెండు వేల రూపాయల జరిమానా వేశారు.

విచారణ చూడడానికి జనం ఎంత విరగబడ్డారంటే, లోపలికి రావాలంటే రుసుము కట్టాలన్నారు. ఆపైన ఇంగ్లీషు వచ్చినవాళ్లనే రానిచ్చారు. జడ్జికి, మహంతు తరఫు తెల్ల లాయరుకు ఇంగ్లీషు తప్ప రాదు కాబట్టి, ఆ భాష రానివాళ్లకు లోపల పనిలేదని సమర్థన. అంటే తన భాషలో జరగని విచారణను, డబ్బు కట్టి చూసే విచారణను, ఎలోకేశీ బతికి ఉన్నా అర్థం చేసుకోలేకపోయేది.

మహంతు మీద పెట్టింది అత్యాచారం కేసు కాదు, వ్యభిచారం కేసు. పోల్చి చూస్తే చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మొత్తం కథ ఇక్కడే ఉంది. 1860 శిక్షాస్మృతి 497వ సెక్షన్ ప్రకారం వ్యభిచారం అంటే ఒకడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా, ఇంకొకడు సంబంధం పెట్టుకోవడం. గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. భార్యకు శిక్ష లేదు. దయతో కాదు, ఆమెను ఒక మనిషిగా లెక్కపెట్టకపోవడం వల్ల. దొంగిలించిన సొత్తును ఎవరూ శిక్షించరు కదా. ఫిర్యాదు చేసే హక్కు కూడా నష్టపోయిన 'యజమాని'కే, అంటే భర్తకే ఉండేది. ఈ కేసులో దాని ఫలితం ఎంత వికృతంగా ఉందో చూడండి. ఎలోకేశీకి మహంతు చేసిన దానికి చట్టం దృష్టిలో బాధితుడు ఆమెను చంపినవాడు.

మత్తుమందు మాట, బలవంతం మాట పక్కకు పోయాయి. ఆమె మహంతుతో నవ్వుతూ, సరసాలాడుతూ కనిపించిందన్న సాక్ష్యాన్ని సెషన్స్ జడ్జి పరిగణనలోకి తీసుకున్నాడు. నవ్వింది కాబట్టి ఇష్టపడింది. ఇష్టపడింది కాబట్టి అత్యాచారం లేదు. చచ్చిపోయిన అమ్మాయి వచ్చి కాదని చెప్పలేదు. ఈ కేసు కాగితాల్లో ఆమె మాటలన్నీ ఇతరుల నోటి నుంచి వచ్చినవే. చంపినవాడు చెప్పింది, అమ్మిన తండ్రి చెప్పింది, ఇరుగుపొరుగు చెప్పింది.

ఆమె నవ్వును సాక్ష్యంగా తీసుకున్న పద్ధతి ఆ జడ్జితో పోలేదు. అంతకు ఏడాది ముందే, 1872లో, సాక్ష్యాధారాల చట్టం వచ్చింది. అత్యాచారానికి గురైన స్త్రీ 'సాధారణంగా అవినీతి నడవడిక' గలదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించే వీలు అందులో ఉంది. దాన్ని తీసేయడానికి 130 ఏళ్లు పట్టింది. ఆ 130 ఏళ్లలో అది ఎవరి మీద పనిచేసిందో మనకు తెలుసు. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో, 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ విషయంలో, పోలీసులు చెప్పింది ఒకటే. ఆమె మంచిది కాదు. 2006లో ఖైర్లాంజీలో ఒక దళిత కుటుంబంలో నలుగురిని ఊరు ఊరంతా చంపినప్పుడు కూడా మొదట పుట్టించిన మాట 'అక్రమ సంబంధం'. ఆ ఒక్క మాటతో భూమి తగాదా, కులం, పగ అన్నీ మాయమైపోతాయి. బ్రాహ్మణ ఎలోకేశీని తమ కులం మధ్యలోనే ఒంటరిని చేసిన ఆ మాట, దళిత స్త్రీ దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఊరి చేతికి ఆయుధమవుతుంది. మాట ఒకటే, బరువు ఒకటి కాదు.

జ్యూరీ సంగతి కూడా చెప్పాలి. సొంత మనుషుల జ్యూరీ భర్తను వదిలేస్తుంది, జడ్జి కాదంటాడు, పై కోర్టు శిక్ష వేస్తుంది, చివరికి క్షమాభిక్ష వస్తుంది. ఇదే వరస 1959లో నానావతి కేసులో అచ్చు గుద్దినట్టు మళ్లీ నడిచింది. అక్కడ చచ్చింది భార్య కాదు, ఆమె ప్రియుడు. అక్కడా భర్త మీద పూలు చల్లిన జనమే.

తెలుపు జడ్జి, గోధుమ భర్త

బెంగాలీ భద్రలోకం ఇంత ఆవేశపడడానికి ఇంకో కారణం ఉంది. సరిగ్గా ఆ సమయంలో పెళ్లి, ఇల్లు అనేవి బ్రిటిష్ పాలనకు, హిందూ పెద్దలకు మధ్య సరిహద్దు తగాదాగా మారాయి. కులమతాలు లేని పెళ్లిళ్లకు వీలిచ్చే చట్టం 1872లోనే వచ్చింది. ఆఫీసుల్లో, కోర్టుల్లో, రైళ్లలో తెల్లవాడి ముందు తల వంచుకునే గుమాస్తాకు తాను రాజుగా మిగిలిన ఒకే ఒక్క చోటు ఇల్లు. ఇప్పుడు భర్త, భార్య మధ్య విషయంలో తీర్పు చెప్పేది కూడా తెల్లవాడేనా? జ్యూరీ నిర్ణయాన్ని జడ్జి కాదన్నాడంటే ఈ జాతి మనసు తెల్లవాడికి అర్థం కాలేదని రాశారు. తనికా సర్కార్ ఈ కేసు మీద చేసిన పరిశోధనలో ఈ కోణాన్ని బాగా పట్టుకున్నారు. హిందూ జాతీయత మొదటి పాఠాలు నేర్చుకున్నది పార్లమెంటులో కాదు, ఇలాంటి పడకగదుల్లో అన్నది ఆమె పుస్తకం చదివాక మాకు కలిగిన అభిప్రాయం.

అయితే ఆ పరిశోధన చాలావరకు 'హిందూ భార్య' దగ్గర ఆగుతుంది. ఏ హిందువు భార్య? అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నబీన్ తరఫున కలకత్తా సంతకాలు సేకరిస్తున్న ఆ ఏడాదే పుణేలో ఫూలే 'గులాంగిరి' అచ్చువేసి, సెప్టెంబర్ 24న సత్యశోధక సమాజాన్ని పెట్టాడు. అంతకు పదేళ్ల ముందు, 1863లో, ఆయనా సావిత్రీబాయీ తమ ఇంట్లోనే గర్భవతులైన వితంతువుల కోసం ఒక ఆశ్రయాన్ని తెరిచారు. బిడ్డను చంపుకోవద్దు, ఇక్కడ కని వెళ్లమన్నారు. అక్కడికి వచ్చినవాళ్లు ఎక్కువగా బ్రాహ్మణ స్త్రీలే. ఒక చోట మోసపోయిన బ్రాహ్మణ పిల్లకు సొంత కులం కత్తిపీట చూపించింది. ఇంకోచోట శూద్ర దంపతులు తలుపు తెరిచారు. చరిత్ర పాఠాల్లో ఈ రెండూ ఒక పేజీలో ఎప్పుడూ కనపడవు.

గానుగ తిప్పిన మహంతు

ఈ కేసు బెంగాల్ వీధుల్ని ఎలా ఊపేసిందో చెప్పాలంటే వ్యాసం చాలదు. నాటకాలు పదుల సంఖ్యలో వచ్చాయి. 'మహంతేర్ ఏ కీ కాజ్' (మహంతు చేసిన పనేమిటిది అని) అనే నాటకం బెంగాల్ థియేటర్‌లో ఆడితే జనం విరగబడ్డారు. ఎలోకేశీ పేరున్న చీరలు, తమలపాకు డబ్బాలు, చివరికి చేపలు కోసే కత్తిపీటలు కూడా అమ్మారు. మహంతు జైల్లో తీసిన నూనెతో చేసిందంటూ తలనొప్పి మందు అమ్మారు.

కాళీఘాట్ గుడి దగ్గర పటాలు గీసి అమ్ముకునే పటువాలు ఈ కథను బొమ్మ తర్వాత బొమ్మగా గీశారు. గుడిలో తొలి చూపు, మహంతు ముందు ఎలోకేశీ, కత్తిపీట ఎత్తిన నబీన్, తెగి పడిన తల, కోర్టు, జైలు. పటువాలు అటు హిందువుల్లో పూర్తిగా కలవని, ఇటు ముస్లింలలో పూర్తిగా చేరని అడుగు కులం మనుషులు. బ్రాహ్మణ ఇంటి గుట్టును కాసుకు ఒక బొమ్మ చొప్పున వాళ్లు వీధిలో పరిచారు. ఆ బొమ్మలు చాలా ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ బొమ్మల్లో రెండు విషయాలు మమ్మల్ని నిలబెట్టేశాయి. మొదటిది 'తేలీ బౌ'. ఎలోకేశీని మహంతు దగ్గరికి చేర్చిన తార్పుడుగత్తెగా ఆమెను చూపిస్తారు. తేలీ బౌ అంటే గానుగవాళ్ల ఇల్లాలు. మన తెలికుల, గాండ్ల వంటి కులం మనిషి అనుకోండి. ఆమెకు పేరు లేదు, కులమే పేరు. పదిమంది పెద్దమనుషుల పాపంలో అందరికంటే అసహ్యంగా కనిపించేది ఆ కింది కులపు స్త్రీ. బ్రాహ్మణ తండ్రి కూతుర్ని అమ్మాడన్న కథలో కూడా పాపం మోయడానికి కింది కులపు ఆడదాన్ని ఒకరిని వెతుక్కున్నారు.

రెండోది గానుగ. జైల్లో మహంతు గానుగ తిప్పుతున్న బొమ్మ ఈ వరుసలో పేరున్నది. చూసి జనం తెగ నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారు? కాషాయం కట్టిన మహంతు ఎద్దులాగా గానుగకు కట్టుబడ్డాడు, కింది కులం పని చేస్తున్నాడు, అదే శిక్ష, అదే అవమానం. కానీ ఆ గానుగనే తరతరాలుగా తిప్పుతూ బతికేవాళ్లు అదే బెంగాల్‌లో వేలమంది. మహంతుకు మూడేళ్ల శిక్ష అయింది వాళ్లకు పుట్టుకతో వచ్చిన బతుకు. ఏ నేరం చేశారని వాళ్లకు ఆ శిక్ష అని అడిగిన నాటకం మాకు ఒక్కటీ కనపడలేదు. మహంతును చూసి నవ్విన నవ్వులోనే కులం ఉంది.

బయటికి పోయే దారి

ఎలోకేశీకి తప్పించుకునే దారి ఉందా? చట్టంలో లేదు. పై కులాల హిందూ స్త్రీకి విడాకులు లేవు. 1856 చట్టం వితంతువులకు మళ్లీ పెళ్లి చేసుకునే వీలిచ్చింది గానీ, మొగుడు బతికుండగా వదిలేసి పోవడం అనేది ఆలోచనలోనే లేదు. విడాకులు అందరికీ రావడానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. దానికోసం హిందూ కోడ్ బిల్లు పట్టుకుని పోరాడిన అంబేడ్కర్ 1951లో మంత్రి పదవే వదులుకున్నాడు.

అదే కాలంలో శూద్ర, అతిశూద్ర కులాల్లో చాలావాటికి తెగతెంపులు ఉన్నాయి, మారుమనువు ఉంది. కులపంచాయతీ ముందు పెద్దలు కూర్చుని, ఇచ్చిపుచ్చుకున్నవి లెక్క చూసి, విడిపోనిచ్చేవాళ్లు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో కులాచారం ప్రకారం జరిగే విడాకుల్ని గుర్తించింది కూడా ఈ ఆనవాయితీ బలంగా ఉన్నందుకే. దీనికి మంచి ఉదాహరణ రుక్మాబాయి. చిన్నప్పుడే అయిన పెళ్లిని ఒప్పుకోనని, భర్త దాదాజీతో కాపురానికి పోనని, జైలుకైనా పోతానని 1880లలో బొంబాయి హైకోర్టుకు చెప్పిన మనిషి. ఆమెది వడ్రంగి కులం. ఆమె తల్లి వితంతువై మళ్లీ పెళ్లి చేసుకుంది, కులం దాన్ని తప్పుపట్టలేదు. 1888లో దాదాజీ రెండు వేల రూపాయలు తీసుకుని వదులుకున్నాడు. రుక్మాబాయి ఇంగ్లండ్ వెళ్లి వైద్యం చదివి డాక్టరయింది. మహంతుకు పడిన జరిమానా కూడా రెండు వేలే. కాపురం వద్దన్న ఒక మనిషి బతికి బయటపడడానికీ, ఒక మనిషి ప్రాణానికీ ఆ శతాబ్దం కట్టిన ధర ఒకటే అనిపిస్తుంది.

అయితే మన కులాల్లో అంతా స్వేచ్ఛే అని ఊదరగొట్టడానికి మేం సిద్ధంగా లేం. మారుమనువు ఉన్న కులాలు కూడా పైకి ఎదగాలనుకున్నప్పుడల్లా మొదట వదిలేసింది దాన్నే. పరువు అనే మాట వాడల్లోకి అలాగే నడిచొచ్చింది. 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో అంబేడ్కర్ చెప్పింది ఇదే. కులం తన గోడను ఆడవాళ్లతో కట్టుకుంటుంది. మిగిలిపోయిన ఆడదాన్ని, మిగిలిపోయిన మగవాణ్ని ఏం చేయాలన్న సమస్యకు సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం అనే మూడు దారులు కనిపెట్టింది. కింద ఉన్న కులాలు పైవాళ్లను అనుకరిస్తూ ఆ మూడింటినీ కిందికి తెచ్చుకున్నాయి. ఇవాళ మన వాడలో భార్యను కొట్టి చంపినవాడికి తాగుడును, అనుమానాన్ని సాకుగా చూపించి, కేసు రాజీ చేయడానికి కూర్చునే పెద్దల్లో మన సంఘాల నాయకులు కూడా ఉంటారు. దళిత స్త్రీకి ఊరి నుంచి వచ్చే దెబ్బ వేరు, ఇంట్లో నుంచి వచ్చే దెబ్బ వేరు. మొదటిదాని గురించి మాట్లాడినంత గట్టిగా రెండోదాని గురించి మాట్లాడలేదు.

ఇవాళ్టి పత్రిక తీసి చూడండి. 'అనుమానంతో భార్యను కడతేర్చిన భర్త'. 'వివాహేతర సంబంధం నేపథ్యంలో హత్య'. ఆ 'నేపథ్యం'లోనే తీర్పు ఉంది. పుట్టింటికి వెళ్లిపోయిన భార్యను కాపురానికి రమ్మని పిలవడానికి వచ్చి చంపినవాడి వార్తలో కూడా ఆమె ఎందుకు వెళ్లిపోయిందో చివరి వాక్యం దాకా రాదు. తీవ్రమైన, ఆకస్మిక రెచ్చగొట్టుడు ఉంటే హత్య స్థాయిని తగ్గించే మినహాయింపు 1860 శిక్షాస్మృతి నుంచి 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాకా అలాగే నడిచొచ్చింది. వ్యభిచారం సెక్షన్ మాత్రం పోయింది. 2018 సెప్టెంబర్ 27న జోసెఫ్ షైన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ, భార్య భర్త సొత్తు కాదంది. ఎలోకేశీ చనిపోయి అప్పటికి 145 ఏళ్లు.

మాధవచంద్ర గిరి మూడేళ్ల శిక్ష ముగించుకుని మళ్లీ తారకేశ్వర్ గద్దె ఎక్కాడు. గద్దె పద్ధతులేమీ మారలేదు. 1924లో సతీశ్ గిరి అనే మహంతు ఆగడాలకు వ్యతిరేకంగా స్వామి విశ్వానంద, చిత్తరంజన్ దాస్ నాయకత్వంలో అక్కడ సత్యాగ్రహం జరిగింది. గుడి డబ్బు తినేస్తున్నాడని, యాత్రికుల్ని పీడిస్తున్నాడని ఆరోపించారు. గుడికి వచ్చే ఆడవాళ్ల జోలికి పోతున్నాడన్న ఆరోపణ కూడా వాటిలో ఉంది.